విండోస్ 95కి అంత హడావుడి ఎందుకు చేశారు, విండోస్ 11కి ఎందుకు చేయలేదు?

మీరు అడిగినవి మూడు. విండోస్ 95 ప్రచారానికి 300 మిలియన్ డాలర్లు పెట్టి ఏం సాధించారు? విండోస్ 11 వచ్చినప్పుడు అలాంటి సందడి ఎందుకు లేదు? విండోస్ 95 ప్రకటనలో వాడిన, రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందం పాటకు నిజంగా ఎంతిచ్చారు? మూడోది చిన్న సంగతి, చివర్లో చెబుతాను. మొదటి రెండూ చూడటానికి వేరైనా జవాబు ఒకటే.

నా గురించి ఒక్క ముక్క. హైదరాబాద్‌లో కంప్యూటర్ డిస్ట్రిబ్యూషన్‌లో మార్కెటింగ్ పని చాలా ఏళ్లు చేశాను. యాడ్ ఏజెన్సీ వైపు కాదు, డీలర్ల వైపు. పోస్టర్లు, స్కీములు, క్లెయిములు చూసే ఉద్యోగం. కాబట్టి టీవీ ప్రకటన ఎంత బాగుందన్న దానికన్నా డబ్బు ఎటు నుంచి ఎటు పోయిందన్నదే ముందుగా నా కంట్లో పడుతుంది.

సబ్బు మార్చాలంటే మనకు పక్కింటివాళ్లతో పని లేదు. ఓఎస్, అంటే కంప్యూటర్‌ను నడిపించే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాలంటే ఉంది. మన ప్రోగ్రాములు దాని మీద నడవాలి, మన ప్రింటర్‌కి డ్రైవర్ రావాలి, పాడైతే బాగుచేసే కుర్రాడికి అది తెలిసుండాలి. ప్రోగ్రాములు రాసేవాళ్లేమో జనం మారాక చూద్దామంటారు. జనమేమో ప్రోగ్రాములు రానీ అంటారు. పీసీ కంపెనీ ఈ ఇద్దరి వంకా చూస్తూ కూర్చుంటుంది. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. ఇది తేలాలంటే ఫలానా రోజున అందరూ కదులుతున్నారని అందరికీ ఒకేసారి నమ్మకం కలగాలి. ఓఎస్ ప్రచారం అమ్మేది ఆ తేదీనే అని నా అభిప్రాయం. ఫీచర్లు ఆ తర్వాతి మాట.

ఆ కళ్లతో చూస్తే విండోస్ 95 ప్రచారంలో పిచ్చిగా కనిపించేవన్నీ అర్థమవుతాయి. విడుదల 1995 ఆగస్టు 24న. అంతకుముందు దాన్ని లోపల 'చికాగో' అని పిలిచేవారు. 1994లో పేరు మార్చి, పేరులోనే ఏడాదిని పెట్టారు. అప్పటికే అనుకున్న సమయం దాటిపోయింది. విడుదల ఆగస్టు నుంచి ఇంకో నాలుగు నెలలకు పైగా జారితే ఆ పేరే నవ్వులపాలయ్యేది. అయినా పెట్టారు. 95 అని ఒకటి వస్తోందంటే చేతిలో ఉన్న విండోస్ 3.1 ఆ క్షణమే పాతబడిపోతుంది కదా.

ఇక ఆ రోజున న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనానికి విండోస్ రంగుల్లో దీపాలు పెట్టారు. టొరంటోలో సీఎన్ టవర్ మీంచి భారీ బ్యానర్ దించారు. లండన్‌లో 'ది టైమ్స్' పత్రిక ఆ రోజు సంచిక మొత్తానికి మైక్రోసాఫ్ట్ డబ్బు కట్టింది. 15 లక్షల ప్రతులు జనానికి ఉచితంగా పంచారు. రెడ్‌మండ్‌లో మైక్రోసాఫ్ట్ సొంత ప్రాంగణంలో వేసిన డేరాలో అమెరికా టీవీ హాస్యనటుడు జే లెనో వ్యాఖ్యాత, పక్కన బిల్ గేట్స్. అందరికన్నా ముందు తెల్లవారేది న్యూజీలాండ్‌లో కాబట్టి అక్కడ అర్ధరాత్రి షాపు తెరిచి మొదటి పెట్టె అమ్మారు. కంప్యూటరే లేనివాళ్లు కూడా వరసల్లో నిలబడ్డారని అప్పటి పత్రికలు నవ్వుకుంటూ రాశాయి. నవ్వుకోనివ్వండి, ఆ వరసల ఫొటోలే కావాల్సింది. నాలుగు రోజుల్లో పది లక్షల పెట్టెలు, ఐదు వారాల్లో 70 లక్షలు అమ్ముడయ్యాయి.

టీవీ ప్రకటన చేసింది పోర్ట్‌లాండ్‌కు చెందిన వీడెన్ అండ్ కెనడీ, అంటే నైకీ ప్రకటనలు చేసిన ఏజెన్సీ. అందులో సాంకేతిక వివరాలు వెతికితే దొరకవు. ఫైల్ పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదన్న బాధ తీరిందనో, కొత్త కార్డు పెడితే ఓఎస్ దానంతటదే గుర్తుపడుతుందనో పాఠం చెప్పలేదు. జనం, వేగం, పాట, స్టార్ట్ బటన్ ఉన్నాయంతే. ఆ బటన్ కథ కూడా బాగుంటుంది. తయారీ రోజుల్లో మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి పరీక్షిస్తే, తెర ముందు అసలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయేవారు. అందుకే కింద మూలన 'స్టార్ట్' అని రాసిపెట్టారు. తర్వాత ప్రచారం మొత్తం ఆ బటన్ చుట్టూ తిరిగింది. వాడేవాడి తికమకను తీర్చిన వస్తువునే ప్రకటనలో హీరోని చేశారు. ఈ వరసలో నాకు నచ్చిన పని ఇదొక్కటే. మిగతాదంతా డబ్బు చేసిన పని.

ఆ డబ్బు ఎలా నడుస్తుందో బయటివాళ్లకు కనపడదు. పేపర్లో ఫలానా కంప్యూటర్ షాపు ప్రకటన వేసి, కింద మూలన విండోస్ లోగో ఉందనుకోండి. ఆ ప్రకటన ఖర్చులో కొంత వాటా లోగో ఉన్నందుకు కంపెనీ తిరిగి ఇస్తుంది. దీన్ని కో-ఆప్ అంటాం. నేను చేసిన పనిలో సగం ఇదే. ప్రకటన వచ్చిన పేపర్ పేజీ మొత్తం చింపకుండా పంపాలి, పేపర్ వాళ్ల బిల్లు జత చేయాలి, లోగో చెప్పిన సైజులో ఉందా, చుట్టూ చెప్పినంత ఖాళీ వదిలారా అని స్కేలు పెట్టి కొలవాలి. రెండు మిల్లీమీటర్లు తక్కువైతే క్లెయిమ్ వెనక్కి వచ్చేది. డీలర్ మనల్ని తిట్టుకునేవాడు, తర్వాతి వారం లోగో కొంచెం పెద్దది చేసి వేసేవాడు. ఊరూరా ఇలా వంద షాపులు వేస్తే ఒకే రోజున అంతటా ఒకే బొమ్మ కనిపిస్తుంది. చూసేవాడికి 'అందరూ దీనికే మారుతున్నారు' అనిపిస్తుంది. సగం ఖర్చు షాపువాడిదే అని వాడికి తెలియదు. అందుకే 300 మిలియన్ లాంటి అంకెను ఎప్పుడూ ఒకే జేబులోంచి వచ్చిన డబ్బుగా చదవకండి. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు ఈ విభజన పత్రికల్లోనే వచ్చింది. మైక్రోసాఫ్ట్ సొంతంగా 200 మిలియన్లు, ఇంటెల్, పీసీ కంపెనీలు వగైరా భాగస్వాములతో కలిపితే దాదాపు వంద కోట్ల డాలర్లు.

లోగోకి ఇంకో పని కూడా ఉంది. 'డిజైన్డ్ ఫర్ విండోస్ 95' అన్న ముద్ర కావాలంటే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొన్ని షరతులు తీర్చాలి. ప్రోగ్రాము పాత 16-బిట్ పద్ధతిలో కాక కొత్త 32-బిట్ పద్ధతిలో రాసినదై ఉండాలి, పొడుగు ఫైల్ పేర్లను అర్థం చేసుకోవాలి, తీసేయాలనుకుంటే శుభ్రంగా తీసేసే సదుపాయం ఉండాలి, ఆఫీసుల కోసం మైక్రోసాఫ్ట్ చేసిన విండోస్ ఎన్‌టీ మీద కూడా నడవాలి. డబ్బా మీద వేసుకునే స్టిక్కర్ కోసం వాళ్లు కోడ్ తిరగరాశారు. ప్రకటన జనాన్ని ఆకర్షిస్తుంటే, స్టిక్కర్ డెవలపర్లను లాక్కొచ్చింది. పైన చెప్పిన ముడి రెండు వైపుల నుంచీ విప్పారన్నమాట.

అవతలి పక్షం చూస్తే ఈ తేదీ సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఐబీఎం తన ఓఎస్/2 వార్ప్‌ను 1994 అక్టోబరులోనే తెచ్చింది, అంటే విండోస్ 95 కన్నా పది నెలల ముందు. 32-బిట్, ఒక ప్రోగ్రాము కూలితే మిగతావి నిలబడేవి. ప్రచారానికీ లోటు చేయలేదు. ఓఎస్ పేరు మీద అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫియస్టా బౌల్‌ను స్పాన్సర్ చేశారు. తెర కింద సబ్‌టైటిళ్లతో క్రైస్తవ సన్యాసినులు వార్ప్ గురించి గుసగుసలాడుకునే ప్రకటన ఓగిల్వీ అనే ఏజెన్సీ చేసింది. నాకు అది విండోస్ ప్రకటన కన్నా బాగుంటుంది. అమ్మకాలకు అదేమీ పనికిరాలేదు.

ఎందుకంటే వార్ప్ పాత విండోస్ ప్రోగ్రాములను కూడా నడిపేది. వాడేవాడికి అది వరమే. డెవలపర్‌కి మాత్రం ప్రత్యేకంగా ఓఎస్/2 కోసం రాయడానికి కారణమే లేకుండా పోయింది. పైగా షాపులో కొత్త పీసీ కొంటే అందులో వేసి ఉన్నది వార్ప్ కాదు. ఐబీఎంలో పీసీలు అమ్మే విభాగానికే విండోస్ లేకుండా రోజు గడవదు. అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద వేసిన గుత్తాధిపత్యం కేసులో 1999 నవంబరులో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ ఇచ్చిన నిర్ధారణల్లో ఈ సంగతి ఉంది. సొంత ఓఎస్/2ను, లోటస్ సాఫ్ట్‌వేర్‌ను ముందుకు నెడుతున్నందుకు మైక్రోసాఫ్ట్ ఐబీఎంను ఇబ్బంది పెట్టిందనీ, ఐబీఎం పీసీల్లో విండోస్ 95 వేసుకునే లైసెన్సు 1995 ఆగస్టు 24 ఉదయం విడుదల సభ మొదలవడానికి పావుగంట ముందు గానీ చేతికి రాలేదనీ. పోటీ ఓఎస్ తయారుచేసిన కంపెనీ, అవతలివాడి పండగ రోజున అవతలివాడి గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చింది. సన్యాసినుల ప్రకటన ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం? మీరు దీని మీద ప్రాజెక్టు రాస్తుంటే ప్రకటనల వీడియోల కన్నా ముందు ఆ నిర్ధారణల పత్రం చదవండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

అదే రోజుల్లో యాపిల్ పత్రికల్లో ఒక ఎకసెక్కెపు ప్రకటన వేసింది. విండోస్‌కు ముందున్న మైక్రోసాఫ్ట్ ఓఎస్ డాస్‌లో ఫైల్ పేరు రాసినట్టు, ఎనిమిది అక్షరాల్లో కుక్కి విండోస్ 95కి 'శుభాకాంక్షలు' చెప్పింది. తెలిసినవాళ్లు నవ్వారు. తెలియనివాళ్లు షాపుకెళ్లి విండోస్ కొన్నారు.

మన దగ్గర ఆ ప్రచారం పనిచేసిన తీరు వేరు. పెట్టె కొనుక్కున్నవాళ్లు చాలా తక్కువ. అసెంబుల్డ్ పీసీ కొంటే ఓఎస్ వేసిచ్చే పని షాపువాడిదే, లైసెన్సు మాట ఎవరూ ఎత్తేవారు కాదు. కానీ తేదీ మాత్రం ఇక్కడా అమ్ముడైంది. కొన్నాళ్లకు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల బోర్డుల మీద డాస్, లోటస్ పోయి విండోస్, ఎంఎస్ ఆఫీస్ వచ్చాయి.

ఎక్స్‌పీ దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ఒకటుంది. దాని విడుదల 2001 అక్టోబరు 25న, న్యూయార్క్‌లో. ముందు అనుకున్న నినాదం 'ప్రిపేర్ టు ఫ్లై'. ఎగరడానికి సిద్ధంకండి అని. సెప్టెంబరు 11న విమానాలతో దాడి జరిగాక ఆ మాట వాడే వీల్లేదు. ఉన్నపళంగా 'యెస్ యూ కెన్' అని మార్చారు. మడోన్నా పాట, ఆకాశంలో తేలిపోయే మనుషులు మాత్రం అలాగే ఉండిపోయారు. నినాదం తీసేస్తే ఆ ఎగరడం ఎందుకో చూసేవాడికి అర్థం కాదు. అయినా ఎక్స్‌పీ దశాబ్దం పైగా నిలిచింది. అది ప్రకటన గొప్పతనం కాదు, సరుకు బలం.

ఆ ఎక్స్‌పీలోనే గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. అచ్చుపనికి వాడే డీటీపీ ఫాంట్ల గొడవ లేకుండా, ఒకరు టైప్ చేసిన తెలుగు ఇంకొకరి మెషిన్‌లో అదే తెలుగుగా కనిపించే రోజు మామూలు విండోస్ వాడేవాళ్లకు దాంతో మొదలైంది. కానీ అది ఎవరికి తెలుసు? కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, రెండో ట్యాబులో కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్లు ఇన్‌స్టాల్ చేయమన్న గడిలో టిక్ పెట్టాలి. అప్పుడది విండోస్ సీడీ అడుగుతుంది. సీడీ ఎక్కడుందో షాపువాడికే తెలియాలి. ఒక భాష మాట్లాడే కోట్లమందికి పనికొచ్చే సంగతి అంత పెద్ద ప్రచారంలో ఒక్క వాక్యంగానైనా మన దాకా రాలేదు. దాన్ని జనానికి చేర్చింది తర్వాత నాలుగైదేళ్లకు తెలుగు బ్లాగర్లు. తెర బొమ్మలు తీసి, బాణం గుర్తులు గీసి, ఎక్కడ టిక్ పెట్టాలో ఓపిగ్గా రాశారు. నన్నడిగితే మన భాషలో జరిగిన అసలైన ఎక్స్‌పీ ప్రచారం అదే, పైసా ఖర్చు లేకుండా.

ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విండోస్ విస్టా గురించి పొడిగా చెబుతాను, కథ అందరికీ తెలిసిందే. 2007 జనవరి 30న జనంలోకి వచ్చింది. నినాదం 'ద వావ్ స్టార్ట్స్ నౌ'. ప్రకటనల్లో చూపించింది అద్దంలా మెరిసే ఏరో కిటికీలను. అంతకుముందు ఏడాదే 'విస్టా కేపబుల్' అన్న స్టిక్కర్‌తో అమ్మిన చాలా మెషిన్లలో ఆ మెరుపు రాదు, ఆ మెరుపు లేని హోమ్ బేసిక్ రకం మాత్రమే నడుస్తుంది. తేదీ ముందే ప్రకటించేశారు, ఆలోపు పాత చిప్‌సెట్లతో ఉన్న సరుకు అమ్ముడుపోవాలి, అందుకని స్టిక్కర్ అర్హతను దించారు. విషయం కోర్టుకెక్కి, కంపెనీ లోపలి ఈమెయిళ్లు బయటపడ్డాయి. కౌంటర్ దగ్గర నిలబడేవాడికి ఇది ఈమెయిళ్లతో పనిలేకుండానే తెలుసు. కొన్నవాడు వచ్చి 'టీవీలో చూపించింది నా దాంట్లో ఏదీ?' అంటే ఏం చెబుతాం? యాపిల్ అప్పటికే ఇద్దరు మనుషుల్ని తెల్లటి గోడ ముందు నిలబెట్టి, ఒకడు మ్యాక్ (యాపిల్ కంప్యూటర్), ఒకడు పీసీ అని ప్రకటనలు చేస్తోంది, మొత్తం 66 దాకా వచ్చాయి. వాటిలో ఒకదాంట్లో పీసీ బాబు నోట్ల కట్టల్ని రెండు కుప్పలుగా పంచుతుంటాడు. విస్టాను బాగుచేయడానికి చిన్న కుప్ప, ప్రకటనలకు పెద్ద కుప్ప. అంత సూటి దెబ్బ నేను ఇంకో కంప్యూటర్ ప్రకటనలో చూడలేదు.

ఫోన్ల ఓఎస్ దగ్గర తేదీ అమ్మే పద్ధతే తిరగబడింది. 2013లో ఆండ్రాయిడ్ 4.4కి కిట్‌క్యాట్ అని పేరు పెట్టి, నెస్లేతో కలిసి 19 దేశాల్లో ఐదు కోట్లకు పైగా చాక్లెట్ల మీద ఆండ్రాయిడ్ బొమ్మ వేశారు. ఇద్దరి మధ్యా డబ్బు మారలేదు. ఆ దేశాల్లో మనదీ ఉంది. కిరాణా కొట్లో చాక్లెట్ రేపర్ మీద ఒక ఓఎస్ వెర్షన్ ప్రచారం జరగడం ప్రపంచంలో అదే మొదలేమో. చిక్కెక్కడంటే, ఆ చాక్లెట్ తిన్నవాడి ఫోన్‌కి కిట్‌క్యాట్ వస్తుందో రాదో గూగుల్ చేతిలో లేదు. ఫోన్ కంపెనీ పంపితే వస్తుంది, లేకపోతే లేదు. ప్రచారానికి తేదీ ఉంది, సరుకుకు లేదు. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఢిల్లీలో సుందర్ పిచాయ్ ఆండ్రాయిడ్ వన్ ఫోన్లు విడుదల చేసి, అప్‌డేట్లు గూగుల్ చూసుకుంటుందని చెప్పడానికి ఒక కారణం ఈ చిక్కే. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలవి, ధర 6,399 రూపాయల నుంచి.

ఇక మీ రెండో ప్రశ్న. విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. అప్పటికి మైక్రోసాఫ్ట్ అధిపతి మన హైదరాబాద్ మనిషి సత్య నాదెళ్ల. జనం విండోస్‌ను అవసరం కొద్దీ కాక ఇష్టంతో వాడాలన్నది ఆయన అప్పట్లో చెప్పిన లక్ష్యం. 7, 8 వాడేవాళ్లకు ఏడాది పాటు ఉచితం అన్నారు. ఉచితమైనప్పుడు షాపులో పెట్టె లేదు. పెట్టె లేనప్పుడు షాపువాడి ప్రకటన లేదు, స్కేలు పెట్టి కొలవడానికి లోగో లేదు. నేను చేసిన ఉద్యోగం అక్కడితో సగం అయిపోయినట్టే. ప్రకటన టీవీలోంచి, పేపర్లోంచి వచ్చి నేరుగా మన తెర మీద కుడి మూలన కూర్చుంది. 'విండోస్ 10 తీసుకోండి' అని చిన్న బొమ్మ. 2016లో అది ముదిరి, ఆ కిటికీని ఇంటూ గుర్తు నొక్కి మూసినా షెడ్యూల్ చేసిన అప్‌గ్రేడ్‌కి ఒప్పుకున్నట్టే లెక్కగట్టడం మొదలుపెట్టింది. పొద్దున లేచి చూస్తే ఓఎస్ మారిపోయి ఉందని జనం మండిపడ్డాక దారికొచ్చారు. ఇష్టపడాలని కోరుకుంటూ అలా చేయడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

విండోస్ 11 (2021 అక్టోబరు 5) సందడి లేకుండా వచ్చిందంటే కారణం ఇదే. ఇప్పుడు అందరినీ ఒకేసారి కదిలించడానికి వాళ్లకు టైమ్స్ పత్రిక అక్కర్లేదు, అప్‌డేట్ చాలు. తేదీ అమ్మడం మాత్రం మానలేదు. వచ్చే తేదీ బదులు పోయే తేదీని అమ్ముతున్నారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 సపోర్టు ముగుస్తుందన్న నోటీసు తెర నిండా చూసే ఉంటారు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ లాంటి షరతులు ఉండటంతో పాత మెషిన్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అంటే ఆ నోటీసు పరోక్షంగా కొత్త ల్యాప్‌టాప్‌కి ప్రకటన. లేదంటే భద్రతా అప్‌డేట్ల కోసం మరో ఏడాదికి 30 డాలర్లు కట్టే ఏర్పాటు పెట్టారు. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి సపోర్టు ఆపినప్పుడూ ఇదే తంతు, కాకపోతే అప్పటికి ఇంత పక్కాగా నేర్చుకోలేదు.

పాట సంగతి. 'స్టార్ట్ మీ అప్' 1981 నాటి పాట. 80 లక్షల నుంచి 1 కోటి 40 లక్షల డాలర్ల దాకా ఇచ్చారని పుకార్లు నడిచాయి. విండోస్ 95 మార్కెటింగ్ నడిపిన బ్రాడ్ చేజ్ తర్వాత చెప్పిన ప్రకారం సుమారు 30 లక్షల డాలర్లు. మీ ప్రాజెక్టులో ఈ అంకె వేయండి, పెద్ద అంకె వేయకండి. విండోస్ 95 కంప్యూటర్ ఆన్ చేయగానే వినిపించే ఆ ఆరు సెకన్ల సంగీతం మాత్రం రోలింగ్ స్టోన్స్‌ది కాదు. అది బ్రయాన్ ఈనో అనే సంగీతకారుడు చేశాడు, అదీ మ్యాక్ మీద.